సంగువన్ బావకు వినబడని మాట

మా అక్క ప్రయోంగ్‌ను పెళ్లికి చూసుకోవడానికి సంగువన్ పడవ మీద బాంగ్‌క్రూయ్‌లోని మా తోటకు వచ్చిన రోజున, అతను రేవు మెట్లు ఎక్కకముందే మా అమ్మ ముక్కు మూసుకుంది. మనిషి శుభ్రంగానే ఉన్నాడు. మడత నలగని యూనిఫాం, నున్నగా దువ్విన తల. కానీ ఒళ్లంతా ఆముదం వాసన. ఆ రోజుల్లో డోన్‌మువాంగ్ మైదానంలో ఉన్న జంటరెక్కల విమానాల ఇంజన్లు ఆముదం తాగేవి. తాగినంత తాగి మిగిలింది వెనక కూర్చున్నవాళ్ల మొహాన ఉమ్మేవి. ఎన్ని బిందెలు పోసుకున్నా ఆ వాసన వదిలేది కాదు.

"అబ్బాయ్, నువ్వు విమానం నడుపుతావా, గానుగ ఆడతావా?" అని అడిగింది అమ్మ.

"రెండూ ఒకటేనండీ. పొద్దున ఎక్కితే మధ్యాహ్నం దాకా ఒక్కచోటే గుండ్రంగా తిరగడం" అన్నాడు సంగువన్.

తడిక వెనక అక్క కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు అతనికి వినబడింది. అటు తల తిప్పి చూశాడు. అప్పటికి ఆయన చెవులు బాగానే ఉండేవి.

పెళ్లయ్యాక అక్కకు తోడుగా చెల్లెలినైన నన్నూ పంపారు. మైదానం పక్కన రైలు కట్టకు అవతల పొడుగాటి చెక్క వరస ఇళ్లలో వాళ్లకొక వాటా ఇచ్చారు. ఊరికే కూర్చుంటే ఎవరు పెడతారని నేను కార్ఖానాలో చేరాను. విమానం రెక్క అంటే జనం ఇనుమనుకుంటారు గానీ, చెక్క చట్రానికి తొడిగిన నార గుడ్డ అది. చట్రానికి బిగించి కుట్టేది మేము. కుట్టాక పైన మందు పూస్తే గుడ్డ డప్పు చర్మంలా బిగిసేది. ఆ మందు ముక్కుకు బాగా మగ్గిన అరటిపండులా తగిలి, కాసేపటికి తల తిప్పేది. ఆ వాసనకు నేను, ఆముదానికి బావ. ఇంట్లో అక్క ఒక్కతే మనిషి వాసన వచ్చేదని మెకానిక్ తోంగ్‌దీ ఎగతాళి చేసేవాడు. తోంగ్‌దీ నోరు అంత మంచిది కాదు, చెయ్యి మాత్రం మంచిది.

సంగువన్ బావ పని కొత్తవాళ్లకు ఎగరడం నేర్పడం. ముందు గూట్లో ఆయన, వెనక గూట్లో శిష్యుడు. ఇద్దరి మధ్యా ఒక రబ్బరు గొట్టం. ఆయన మూతి దగ్గర గరాటు, రెండో కొస శిష్యుడి తోలు టోపీలో చెవుల దగ్గర. ఆయన చెప్పింది అతనికి వినబడుతుంది. అతనేమన్నా ఈయనకు వినబడదు. అసలు అటునుంచి మాట వచ్చే ఏర్పాటే లేదు. "అదే మంచిది. గాలిలో ఉన్నవాడు చెప్పేదంతా వింటే గురువుకు గుండె ఆగిపోతుంది" అనేవాడు బావ.

నేర్పడంలో ఆయనకు ఓపిక ఎక్కువ. అదే ఆయన కొంప ముంచింది. దూరాలకు టపా మోసుకెళ్లే విమానాలు వచ్చినప్పుడు వాటి మీదికి పంపమని అడిగాడు. వేగంగా పోయే యుద్ధ విమానాలు వచ్చినప్పుడూ అడిగాడు. పైవాళ్లు ప్రతిసారీ భుజం తట్టి, "నువ్వు వెళ్తే వీళ్లకు నేర్పేదెవరయ్యా?" అనేవారు. ఆయన సార్జెంటు. శిష్యులందరూ అధికారులు కాబోయేవాళ్లు. వానాకాలంలో గురుపూజ గురువారం నాడు వాళ్లు పూలూ గరికా పట్టుకుని మోకాళ్ల మీద వచ్చి ఆయన కాళ్లకు మొక్కేవారు. ఏడాది తిరిగేసరికి వాళ్ల భుజాల మీద నక్షత్రాలు పడేవి. అప్పటినుంచి దారిలో కనబడితే బావే ఆగి, మడమలు కలిపి, వాళ్లకు సెల్యూట్ కొట్టాలి. కొందరు సిగ్గుపడి పక్క సందులోకి తప్పుకునేవారు. ఆయన వాళ్ల వీపులకే సెల్యూట్ కొట్టి ఇంటికొచ్చేవాడు.

వినికిడి ఎప్పుడు పోవడం మొదలైందో మాకు తెలియదు. అక్క ముందు గమనించింది. వరండాలోంచి పిలిస్తే పలికేవాడు కాదు. ఎదురుగా వచ్చి మాట్లాడితే టక్కున జవాబిచ్చేవాడు.

"ఈ మగాళ్లింతేనే లమున్. పెళ్లైన కొత్తలో గాజు కదిలినా వింటారు. తర్వాత కుండ పగిలినా వినరు" అని నాతో అని నవ్వేది అక్క.

అక్కకు మాటలంటే ప్రాణం. అన్నం వండుతూ మాట్లాడేది, రొయ్యల పచ్చడి నూరుతూ రోకలి దెబ్బకొక మాట చొప్పున మాట్లాడేది. బావ ఎదురుగా కూర్చుని ఆమె మొహంలోకి చూస్తూ ఉండేవాడు. పెళ్లైన ఇన్నేళ్లకూ మొగుడు పెళ్లాం మొహం అలా చూస్తున్నాడంటే ఎంత ప్రేమో అని ఇరుగుపొరుగు ఆడవాళ్లు కుళ్లుకునేవారు. ఆయన చూసేది పెదాలను అని మాకు తెలియడానికి ఒక చెడ్డ రోజు రావలసి వచ్చింది.

అక్కకు నాలుగో నెల. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు కాబట్టి ఈసారి అమ్మ గుడిలో మొక్కి మంత్రించిన దారం పంపింది. రాత్రంతా వాన పడి పొద్దున తెరిపిచ్చింది. అక్క ఇంట్లో సూదులు మరిచిపోయి, వాటికోసం నేను కార్ఖానా నుంచి వెనక్కి వచ్చాను. బావ ముందు గుమ్మంలో కూర్చుని ఎగిరేటప్పుడు పెట్టుకునే కళ్లద్దాల పట్టీ కుట్టుకుంటున్నాడు. నన్ను చూసి మొహమంతా నవ్వు చేసుకుని, "వచ్చావా లమున్? అక్క నీళ్లకు వెళ్లింది, ఇప్పుడే వస్తుంది" అన్నాడు.

ఆయన ఆ మాట అంటూండగానే నాకు వెనక వైపు నుంచి అక్క మూలుగు వినబడుతోంది. "ఏమండీ... ఏమండీ..." అని. గొంతు బొంగురుపోయి ఉంది. ఎంతసేపటినుంచి పిలుస్తోందో. నేను ఇంట్లోంచి దూసుకుపోయాను. పెరటి మెట్ల కింద నాచు మీద జారి పడి ఉంది. కట్టుబట్టంతా రక్తం. బావ నా వెనకే పరిగెత్తుకొచ్చి, ఆ దృశ్యం చూసి, చేతిలో సూది అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. గుమ్మానికీ ఆ మెట్లకూ మధ్య ఉన్నది ఒక్క గది.

మంత్రసాని వచ్చింది. చేయగలిగింది లేదంది.

అక్క లేచి కూర్చోగలిగాక ఆయన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. నేనూ అక్కడే ఉన్నాను. ఆమె ఏడవలేదు. "డాక్టరు దగ్గరకు వెళ్దాం. చెవులు చూపిద్దాం" అంది.

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"చూపిస్తే రాస్తారు. రాస్తే నన్ను నేల మీద కూర్చోబెడతారు."

"కూర్చుంటే ఏం? అందరం నేల మీదే ఉన్నాంగా."

బావ తన చేతులు చూసుకున్నాడు. "కింద ఉన్నంతసేపూ నేను చెవిటివాణ్నే ప్రయోంగ్. ఎవడు నవ్వితే నేనూ నవ్వాలి, ఎవడు తల ఊపితే నేనూ ఊపాలి. పైకి వెళ్తే ఆ గొడవ లేదు. అక్కడ ఎవడికీ ఏదీ వినబడదు. ఇంజన్ నాకు కూర్చున్న పలకలోంచి తెలుస్తుంది, మోకాలికి తెలుస్తుంది. అక్కడొక్కచోటే నేను అందరిలాంటివాణ్ని" అన్నాడు.

 ఒళ్లు బాగుపడేదాకా అమ్మ దగ్గర ఉంటానని అక్క బట్టలు సర్దుకుంది. నేను రైలు దాకా వెళ్లాను. "ఆయన తప్పు కాదే. నాకు తెలుసు. కానీ నేను పిలిస్తే పలికే మనిషి ఇంట్లో ఉండాలి. మొగుడే అక్కర్లేదు, కుక్కయినా ఫరవాలేదు" అంది. ఆ వెళ్లడం వెళ్లడం, తోటలోనే ఉండిపోయింది. విడాకులూ పంచాయితీలూ ఏమీ లేవు. రాలేదు, అంతే. నేను పక్క వరసలో ఇద్దరు కుట్టుపని ఆడవాళ్లతో కలిసి ఉండేదాన్ని, పూటకొకసారి ఆయనకు కూర గిన్నె ఇచ్చి వచ్చేదాన్ని.

ఒంటరివాడయ్యాక బావ మైదానంలోనే ఎక్కువ ఉండేవాడు. ఇంట్లో దీపం ఆలస్యంగా వెలిగేది. అడిగినదానికి జవాబు చెప్పేవాడు గానీ తనంతట తాను మాట తీసేవాడు కాదు. పైకి వెళ్లినప్పుడు మాత్రం గొట్టంలో ఆగకుండా మాట్లాడేవాడట. శిష్యులే చెప్పేవారు. "కుడికి వంచు, మెల్లగా, నిద్రపోతున్న పిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకో" అంటాడట. కింద వరికోతలు చూపించి, తన చిన్నప్పుడు వాళ్ల నాన్న కోతకు వెళ్లి పాము కరిచి పోయిన సంగతి చెబుతాడట. పెళ్లాం చేసే పులుసు ఎలా ఉండేదో చెబుతాడట. వెనక ఉన్నవాడు వినడం తప్ప ఏమీ చేయలేడు. దిగాక గురువుగారు మళ్లీ మూగ. "మీ బావ మనిషి కాదమ్మా, గ్రామఫోను. పైకి తీసుకెళ్తేనే పాడుతుంది" అనేవాడు తోంగ్‌దీ.

రాజుగారి ఏలుబడి తగ్గి, రాజ్యాంగం వచ్చి, రాజధానిలో పెద్దవాళ్లు మారిన రోజులవి. విమానాలూ మారాయి. ఆముదం ఇంజన్లు పోయి కొత్త ఇంజన్లు వచ్చాయి, కొన్ని మా కార్ఖానాలోనే కట్టాం. ఆ ఏటి శిష్యుల్లో థవిన్ అని ఒకడుండేవాడు. పిట్సనులోక్ నుంచి వచ్చాడు. పొడుగాటి మెడ, పొడుగాటి కాళ్లు. అందరూ కొంగ అని పిలిచేవారు. మహా పిరికి, మహా బుద్ధిమంతుడు. తోటివాళ్లందరూ ఒంటరిగా ఎగిరేశారు, వీడొక్కడు మిగిలాడు.

"ఏరా కొంగా, రెక్కలున్నాయి, ముక్కుంది, ఇంకా ఎగరవేంరా?" అని తోంగ్‌దీ ఏడిపిస్తే, "గురువుగారి వీపు కనబడకపోతే నాకు దిక్కు తెలియదన్నా" అనేవాడు.

చలిగాలులు మొదలయ్యాక ఒక ఉదయం బావ వాణ్ని ఒంటరిగా పంపడానికి నిశ్చయించుకున్నాడు. చిరిగిన రెక్కకు అతుకు వేయడానికి నేనూ ఇంకో కుట్టుపని ఆవిడా మైదానం మీదే ఉన్నాం, అందుకే ఇదంతా కళ్లారా చూశాను. థవిన్ వెనక గూట్లో కూర్చున్నాడు. ముందు గూడు ఖాళీ. తోంగ్‌దీ విమానం ముక్కున ఉన్న పంకా తిప్పాడు. ఇంజన్ గట్టిగా మోగుతోంది. విమానం కొంచెం దూరం పాకి ఆగింది. థవిన్ వెనక్కి తిరిగి బావ వైపు చూసి ఏదో అన్నాడు. బావ నవ్వి, తల ఊపి, పొమ్మని చెయ్యి ఊపాడు. థవిన్ ఒక క్షణం తటపటాయించాడు. మళ్లీ అదే మాట అన్నట్టున్నాడు. బావ మళ్లీ తల ఊపాడు. విమానం కదిలింది.

తోక లేచింది. చక్రాలు నేల వదిలాయో లేదో, ఎడమ చక్రం ఊడి విడిగా దొర్లుకుంటూ గడ్డిలోంచి పోయి గేదెల కాలవలో పడింది. విమానం మాత్రం నిక్షేపంగా పైకి పోతోంది. చక్రం పోయిందని పైనున్న వాడికి తెలియదు. మామూలుగా రెండు చక్రాల మీద దిగబోతే ఆ ఇరుసు నేలలో గుచ్చుకుని బోర్లా పడుతుంది. అలా పడి మెడ విరిగినవాణ్ని మేమంతా అంతకుముందు చూసి ఉన్నాం.

మైదానం అంతా కేకలు. అటూ ఇటూ పరుగులు. ఆ కేకల్లో ఒక్కటీ వినబడని మనిషి బావ. అందుకేనేమో ఆయన ఒక్కడే కంగారు పడలేదు. నేరుగా షెడ్డులోకి నడిచి వెళ్లి, గోడకు ఆనించి ఉన్న విడి చక్రం ఒకటి భుజానికెత్తుకుని, పక్కనున్న ఇంకో విమానం ఎక్కాడు. "తిప్పు!" అని తోంగ్‌దీకి సైగ చేశాడు. తోంగ్‌దీ పంకా పట్టుకుని లాగాడు. రెండోసారికి ఇంజన్ అందుకుంది.

ఆకాశంలో మబ్బు తునక లేదు. విమానాలు రెండూ రెండు గద్దల్లా కనబడుతున్నాయి. బావ వెళ్లి థవిన్ పక్కకు చేరాడు. రెక్కకూ రెక్కకూ మధ్య ఒక పడవ పట్టేంత సందు ఉంటుందేమో. అప్పుడాయన నడిపే కర్రను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, చక్రాన్ని రెండు చేతులతోనూ నెత్తి మీదికి ఎత్తి చూపించాడు. తర్వాత థవిన్ విమానం ఎడమ కాలి వైపు వేలు పెట్టి చూపాడు. మళ్లీ చక్రం. మళ్లీ వేలు.

"చూశాడు! చూశాడు! కొంగ మెడ వంచి కిందికి చూశాడు!" అని తోంగ్‌దీ గంతులు వేశాడు. గంతులు ఆపి, వెంటనే మోకాళ్ల మీద కూలబడి, మెడలో ఉన్న తాయెత్తులన్నీ గుప్పిట్లో పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఆ చక్రం ఊడకుండా ఇరుసుకు చీల పెట్టవలసినవాడు తనే.

తర్వాత ఇద్దరూ అలా తిరుగుతూనే ఉన్నారు. పెట్రోలు అయిపోయేదాకా తిప్పుతున్నాడని పెద్దలన్నారు, దిగేటప్పుడు మంట పుట్టకుండా. ఎండ నడినెత్తికి వచ్చింది. అన్నం గంట కొట్టినా ఒక్కరూ కదల్లేదు. అప్పుడు బావ విమానం ముందుకు వచ్చి మెల్లగా కిందికి దిగింది. కుడి రెక్క వంచి, కుడి చక్రం ఒక్కటే గడ్డికి తాకించి, కొంత దూరం ఒంటికాలి మీద పరిగెత్తి, మళ్లీ పైకి లేచింది. పైనుంచి థవిన్ చూస్తున్నాడు. ఇంకోసారి అలాగే చేసి చూపించాడు. మూడోసారి ముందు బావ, వెనకే థవిన్. తల్లి బాతు వెంట పిల్లలా దిగాడు.

కుడి చక్రం తాకింది. ఎడమ రెక్క గాలిలోనే ఉంది. ఉంది, ఉంది, ఇంకా ఉంది. వేగం చచ్చాక గానీ వాలలేదు. వాలగానే విమానం గిర్రున తిరిగి, కింది రెక్క ఫెళ్లుమని విరిగింది. నేను కుట్టిన రెక్కే. దానికోసం అంత సంతోషపడతానని ఎన్నడూ అనుకోలేదు. థవిన్‌కు భుజం ఎముక విరిగింది. అంతకు మించి ఏమీ కాలేదు.

బావను భుజాల మీద ఊరేగించారు. మల్లెదండలు ఎక్కడెక్కడివో తెచ్చి వేశారు. ఆయన అందరి మొహాలూ చూస్తూ, ఎవరు నవ్వితే వాళ్లతో నవ్వాడు.

మర్నాడు విచారణ. షెడ్డు ముందు అరుగు మీద కమాండరు గారు, డాక్టరు, ఇంకో ఇద్దరు అధికారులు కూర్చున్నారు. మైదానంలో ఉన్నవాళ్లందర్నీ పిలిపించారు. తోంగ్‌దీ ఒక పక్కన రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు. చీల మరచినందుకు వాడికి జైలే అని అందరికీ అర్థమైంది. థవిన్ భుజానికి కట్టుతో వచ్చాడు.

కమాండరు గారు అడిగారు. "కదిలేటప్పుడు ఏ తేడా తెలియలేదా నీకు?"

"కొంచెం ఊగినట్టు అనిపించిందండీ. గడ్డి వల్ల అనుకున్నాను."

"ఎవరికీ చెప్పలేదా?"

థవిన్ ఒక్కసారి బావ వైపు చూశాడు. "లేదండీ. ఎవరికీ చెప్పలేదు."

నా పక్కనున్నామె నా చెయ్యి గిల్లింది. వాడు రెండుసార్లు చెప్పడం మేమిద్దరం చూశాం. ఎవరమూ నోరు విప్పలేదు. కమాండరు గారు సరేనని తోంగ్‌దీ వైపు తిరగబోయారు.

"చెప్పాడండీ" అన్నాడు బావ.

అందరూ ఆయన వైపు చూశారు. ఆయన గొంతు అవసరానికి మించి గట్టిగా పలికింది. "నాకు చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. 'వెళ్లొస్తాను మాస్టారూ' అంటున్నాడనుకున్నాను. నాకు వినబడలేదు. నాకు వినబడదండీ. చీల తోంగ్‌దీ తప్పే, కాదనను. కానీ విమానం లేవకముందే ఆగవలసింది. లేపింది నేను."

 కమాండరు గారూ ఒకప్పుడు బావ శిష్యుడే. లేచి, మెట్లు దిగి, బావ వెనక్కి వెళ్లి నిలబడ్డారు. "సంగువన్" అని పిలిచారు. మామూలు గొంతుతో. బావ ముందుకే చూస్తున్నాడు. "సంగువన్!" ఈసారి గట్టిగా. షెడ్డు రేకు మీదున్న పావురాలు లేచిపోయాయి. బావ అటెన్షన్‌లో, రెప్ప వేయకుండా, ఎదురుగా ఖాళీగా ఉన్న కుర్చీని చూస్తున్నాడు. మూడోసారి ఆయన పిలిచింది "మాస్టారూ" అని. దానికీ పలకలేదు. మేమంతా తలలు దించుకున్నాం.

కమాండరు గారు ముందుకు వచ్చి, మొహానికి మొహం పెట్టి అడిగారు. "ఎన్నాళ్లనుంచి?"

"వినబడడం మానేసిన రోజు ఎవరికి గుర్తుంటుందండీ? కొంచెం కొంచెంగా పోయింది. సాయంత్రం చీకటి పడ్డట్టు."

తోంగ్‌దీ జైలుకు పోలేదు. శిక్షగా కొన్నాళ్లు మైదానంలో గడ్డి కోశాడు. బావకు మాత్రం ఎగరడం ఆ రోజుతో అయిపోయింది. ఉద్యోగం తీసేయకుండా, మైదానం చివర, గాలి దిక్కు చూపే గుడ్డ సంచి కట్టిన కర్ర దగ్గర కాపలా ఇచ్చారు. గేదెలు అడ్డం వస్తే ఎర్ర జెండా ఊపాలి, గాలి తిరిగితే విమానాలు ఎటు దిగాలో చూపే తెల్ల గుడ్డ మార్చి పరవాలి. అక్కడే చిన్న పాక.

థవిన్ కూడా ఎగరడం మానేశాడు. దక్షిణాన సామాన్ల డిపోకు బదిలీ చేయించుకున్నాడు. వెళ్లేముందు ఆ పాకకు వచ్చాడు. నేను కూర గిన్నె తెచ్చి అక్కడే ఉన్నాను. మోకాళ్ల మీద కూర్చుని, మొహం బాగా కనబడేలా ఎదురుగా జరిగి, "ఎందుకు చెప్పారు మాస్టారూ? నేను లేదన్నాను కదా" అన్నాడు.

"అబద్ధం ఆడేటప్పుడు మనిషి పెదాలు మెల్లగా కదులుతాయి. నీ మాటల్లో నేను పూర్తిగా చదవగలిగింది అదొక్కటేరా" అన్నాడు బావ. నవ్విద్దామనే అన్నాడు. థవిన్ ఏడ్చాడు. ఆయనకు ఏం చేయాలో తోచక వాడి ముందుకు గిన్నె జరిపాడు.

ఆ తర్వాత సంవత్సరాలు గడిచాయి. వాటి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు. గురుపూజకు కొత్త గురువులు కుర్చీల్లో కూర్చున్నారు. మొదటి ఏడు బావ చొక్కా ఇస్త్రీ చేసుకుని తయారై పాక గుమ్మంలో కూర్చోవడం చూశాను. ఎవరైనా వస్తారనుకున్నాడో, అలవాటు కొద్దీ తొడుక్కున్నాడో నేను అడగలేదు. పొద్దు వాలాక ఆ చొక్కా విప్పి మడిచి పెట్టుకున్నాడు. రెండో ఏడు వేసుకోలేదు. విమానాలు ఆయన నెత్తి మీంచి లేచేవి. దించిన తల ఎత్తకుండానే, కర్ర మీద చెయ్యి వేసి, దాని అదురును బట్టి విమానం పాతదో కొత్తదో తెలుసుకునేవాడు.

పెద్ద యుద్ధం వచ్చి జపాన్ సైన్యం మా దేశంలో దిగింది. మరుసటి ఏడు వరద వచ్చి మైదానమూ, రాజధానీ, మా అమ్మ తోటా అన్నీ ఒక్కటైపోయాయి. వరద తీశాక తోటలో ముళ్లకాయలు కాసే దురియన్ పండ్ల చెట్లన్నీ నిలువునా చచ్చిపోయాయి. ఆ బెంగతోనే అమ్మ పోయింది. తర్వాత జపాన్ శత్రువుల విమానాల నుంచి బాంబులు పడడం మొదలైంది. సైరన్ మోగగానే అందరం కందకాల్లోకి దూకేవాళ్లం. బావకు సైరన్ వినబడదు. నేనో తోంగ్‌దీయో పరిగెత్తి వెళ్లి లాక్కురావాలి. ఒకసారి వెళ్లలేకపోయాం. పొగ తీశాక చూస్తే, పాక కప్పు ఎగిరిపోయి ఉంది, ఆయన బయట జెండా పట్టుకుని ఎవరికో ఊపుతూ నిలబడి ఉన్నాడు. మైదానంలో ఒక గేదె తిరుగుతోంది. దాన్ని తప్పుకోమంటున్నాడు.

నేను బాంగ్‌క్రూయ్ వెళ్లి ఆ సంగతి అక్కకు చెప్పాను. రమ్మని అడగలేదు. ఊరికే చెప్పాను. అక్క తమలపాకు నములుతూ విని, "ఇంకా అంత మొండివాడే?" అని మాత్రం అంది.

రెండు రోజులకు పొద్దున్నే రైలు దిగింది. జుట్టు నెరిసింది, నడుం లావైంది. నేరుగా మైదానం చివరికి నడిచింది. బావ ఆమెను దూరం నుంచే చూశాడు. జెండా కింద పెట్టి, నిటారుగా నిలబడ్డాడు. ఏ అధికారికీ అంత నిటారుగా నిలబడగా నేను చూడలేదు. అక్క ఎదురుగా వచ్చి ఆగి, పెదాలు బాగా కదిలేలా, "మూటా ముల్లే సర్దుకోండి" అంది.

"ఎక్కడికి?"

"తోటకు. ఇక్కడ బాంబు పడితే మీకు చెప్పేదెవరు?"

"అక్కడ మాత్రం ఏం చేస్తాను?"

"చచ్చిన చెట్లు నరకాలి. కొత్తవి నాటాలి. నాకు నడుం వంగదు."

బావ మైదానం వైపు తిరిగి చూశాడు. పాత జంటరెక్కల విమానాలు అప్పటికే ఎక్కడెక్కడికో తరలిపోయాయి. ఖాళీ గడ్డి, బాంబు గుంటలు. అక్క ఆయన మణికట్టు పట్టుకుంది. ఇద్దరూ అలాగే రైలు కట్ట దాకా నడిచారు. అక్క దారిలో ఏమీ మాట్లాడలేదు. మాట్లాడితే ఆయన ఆగి ఆమె మొహం చూడాలి కదా.

మళ్లీ మొగుడూ పెళ్లాల్లా ఉన్నారని చెప్పలేను. ఆయనకు కాలవ ఒడ్డున వేరే పాక. అక్క అన్నం వండి వచ్చి భుజం తట్టేది. ఆయన తినేవాడు. అక్క ఎదురుగా కూర్చుని మాట్లాడేది. ఆయన పెదాలు చదివేవాడు. కానీ బదులు చెప్పే అలవాటు పూర్తిగా పోయింది. "గోడతో మాట్లాడినట్టు ఉందా అక్కా?" అని అడిగితే, "గోడైతే ఇటు చూస్తుందటే?" అంది. సాయంత్రాలు రేవు మెట్ల మీద ఒక్కడే కూర్చునేవాడు. పడవలో మిఠాయిలు అమ్మే ఒకావిడ, తన కేక ఆయనకు ఎలాగూ వినబడదని, తెడ్డుతో నీళ్లు కొట్టి అలను ఆయన కాళ్ల దాకా పంపేది. ఆయన తల ఎత్తి చూసేవాడు. కొనేవాడు కాదు, చెయ్యెత్తి నమస్కారం పెట్టేవాడు. ఆమె వెళ్లిపోయేది. కాలవ మలుపు తిరిగేదాకా ఆయన అటే చూసేవాడు.

చచ్చిన దుంగలన్నీ ఒక్కొక్కటే నరికాడు. వాటి మధ్య మొక్కలు నాటాడు. దురియన్ కాపుకు రావడం అంటే చిన్న మాట కాదు. మొక్కలు నడుం ఎత్తు దాటి, తల ఎత్తు దాటి, కొమ్మలు వేస్తూండగా ఒక ఎండాకాలంలో జ్వరం వచ్చి నాలుగు పూటల్లో పోయాడు. దహనానికి ఊరివాళ్లు వచ్చారు, నేను పిల్లలతో వచ్చాను, ముసలి తోంగ్‌దీ మనవడి భుజం పట్టుకుని వచ్చాడు. అధికారుల్లోంచి ఎవరూ రాలేదు. వాళ్లకు కబురు చేరిందో లేదో కూడా నాకు తెలియదు.

తోట కాపుకు వచ్చిన ఏడు అక్క నన్ను పిలిచింది. మొదటి కాయ గుడికి ఇచ్చి, రెండోది రేవు మెట్ల మీద కోసింది. ఇద్దరం తిన్నాం. పండు బాగుంది, కొంచెం నీరు ఎక్కువ.

"నేను చెబుతూనే ఉన్నాను, ఇన్ని నీళ్లు పోయకండీ అని" అంది అక్క బావ పాక వైపు చూసి, గింజ నీళ్లలోకి విసురుతూ. ఇంకో తొన తీసి నా చేతిలో పెట్టింది.